మాన్‌హట్టన్‌లో ఇన్-ఎన్-ఔట్ తెరుస్తున్నారట: నమ్మాలా? మన గ్రూపులో అలాంటి ప్రాంక్ చేయొచ్చా?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. న్యూజెర్సీలోని ఎడిసన్ తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో తిరుగుతోంది. మాన్‌హట్టన్‌లో ఏదో మూసేసిన షాపు అద్దానికి ఎర్ర అక్షరాల పోస్టరు, పసుపుపచ్చ బాణం, కింద "ఇన్-ఎన్-ఔట్ బర్గర్, త్వరలో" అని. ఇన్-ఎన్-ఔట్ అంటే కాలిఫోర్నియాలో పుట్టిన బర్గర్ హోటళ్ళ చెయిన్, న్యూయార్క్‌లో దానికి స్టోర్లు లేవు. ఆ ఫొటోలోది నిజమేనా అన్నది మొదటిది. నిజం కాకపోతే, వచ్చే ఏప్రిల్ 1న మన అసోసియేషన్ గ్రూపులో అలాంటిదే ఒకటి వదిలితే తంటా ఏమైనా వస్తుందా, వదలాలంటే ఎలా అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు: నిజం కాదు. రెండోదానికి: చేయొచ్చు, గ్రూపు గడప దాటకుండా చూసుకోగలిగితే.

ఇలాంటి ఫొటో వచ్చినప్పుడు అందరూ పోస్టరు వంక చూస్తారు. రంగు సరిగ్గా ఉందా, అక్షరాలు అవేనా అని. అది తప్పు దారి. ఈ రోజుల్లో పోస్టరు ఎవరైనా పది నిమిషాల్లో చేసేస్తారు. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ షాపుకి మాంసం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇన్-ఎన్-ఔట్‌ని 1948లో కాలిఫోర్నియాలోని బాల్డ్‌విన్ పార్క్‌లో హ్యారీ, ఎస్తర్ స్నైడర్ దంపతులు మొదలుపెట్టారు. ఇప్పటికీ కుటుంబం చేతిలోనే ఉంది. వాళ్ళ మనవరాలు లిన్సీ స్నైడర్ యజమాని. కంపెనీ షేర్ మార్కెట్లో లేదు, ఫ్రాంచైజీలు ఇవ్వదు, ప్రతి స్టోరూ సొంతమే. బీఫ్ ప్యాటీలు, అంటే బర్గర్ మధ్యలో పెట్టే మాంసం బిళ్ళలు, ఫ్రీజ్ చేయరు. సొంత ప్లాంట్లలో తయారుచేసి, చల్లటి ట్రక్కుల్లో స్టోర్లకు పంపుతారు. బాల్డ్‌విన్ పార్క్, ఉత్తర కాలిఫోర్నియాలోని లాథ్రప్, టెక్సస్‌లో డల్లాస్, కొలరాడోలో కొలరాడో స్ప్రింగ్స్: ఇలాంటి చోట్ల నుంచి సరుకు కదులుతుంది. సరుకు బయలుదేరే చోటి నుంచి ఒక రోజు ప్రయాణంలోపే స్టోర్లు పెడతారు. వాళ్ళ విస్తరణ మొత్తం ఈ ఒక్క నియమం మీదే నడుస్తోంది.

లెక్క వేసి చూడండి. అమెరికాలో సరుకు ట్రక్కు డ్రైవరు ఒక షిఫ్టులో 11 గంటలకు మించి బండి నడపకూడదు, ఆ తర్వాత 10 గంటలు విశ్రాంతి తీసుకోవాలి. సగటున గంటకు 55 మైళ్ళు వేసుకుంటే 600 మైళ్ళ చిల్లర. డల్లాస్ నుంచి న్యూయార్క్ సుమారు 1,550 మైళ్ళు. అంటే మూడో రోజుకి గానీ చేరదు. కంపెనీ 2023 జనవరిలో టెనెసీకి వస్తున్నామని, నాష్‌విల్ దగ్గర ఫ్రాంక్లిన్‌లో తూర్పు ప్రాంతపు ఆఫీసు కడతామని ప్రకటించింది. "తూర్పు" అన్న ఆ మాట పట్టుకునే ఈ న్యూయార్క్ పుకార్లకు కొత్త ఊపిరి వచ్చింది. కానీ నాష్‌విల్ నుంచి న్యూయార్క్ కూడా 900 మైళ్ళ దాకా ఉంటుంది. ఒక రోజు గీతకు అది కూడా బయటే.

పాత అనుభవం చూసినా ఇదే వరస. టెక్సస్‌కి 2011లో వచ్చారు, డల్లాస్‌లో సొంత ప్లాంటు ఏర్పాటుతోనే వచ్చారు. ఫ్రిస్కో, ఆలెన్‌లలో మొదటి స్టోర్లు. ఆ చుట్టుపక్కల మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు, న్యూజెర్సీ గ్రూపుల్లో "డల్లాస్ వాళ్ళకి ఉంది, మనకి లేదు" అన్న బాధ అక్కడి నుంచే మొదలై ఉంటుంది. కొలరాడో విషయంలో 2017లో ప్రకటించారు, కొలరాడో స్ప్రింగ్స్‌లో గిడ్డంగి, ప్యాటీ ప్లాంటు కట్టారు, 2020 నవంబరులో గానీ స్టోర్లు తెరవలేదు. మూడేళ్ళు. తెరిచిన రోజున అరోరాలో కార్ల వరస పన్నెండు గంటలు దాటింది. ముందు ఆఫీసు, గిడ్డంగి, సరుకు దారి. షాపు అన్నిటికంటే చివర వస్తుంది. అందుకే న్యూజెర్సీలోనో పెన్సిల్వేనియాలోనో ప్లాంటు కడుతున్నారన్న వార్త రాకుండా మాన్‌హట్టన్‌లో షాపు అద్దానికి పోస్టరు వచ్చిందంటే, పునాది లేకుండా మూడో అంతస్తు కట్టినట్టే.

ఇంకో సంగతి కూడా పనికొస్తుంది. వాళ్ళు కొత్త ప్రాంతంలో ఒంటరి షాపు పెట్టి ఊరుకోరు. ట్రక్కు అంత దూరం వెళ్ళాక ఒక్కచోట దించి రావడం గిట్టదు కాబట్టి, వరసగా గుంపుగా పెడతారు. పైగా వాళ్ళ స్టోర్లలో చాలా మటుకు డ్రైవ్-త్రూలే, కార్లు వరస కట్టడానికి జాగా కావాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫిషర్‌మన్స్ వార్ఫ్ దగ్గరున్నట్టు డ్రైవ్-త్రూ లేనివి ఉన్నాయి, కానీ అరుదు. మాన్‌హట్టన్ నడిబొడ్డున ఒకే ఒక్క స్టోరు అనగానే అనుమానపడాల్సింది ఇందుకే.

ఇంత తర్కం గ్రూపులో ఎవరూ వినరు, "ప్రూఫ్ చూపించు" అంటారు. సరే, ఐదు నిమిషాల పని. మొదట కంపెనీ సొంత వెబ్‌సైటులో స్టోర్ల పేజీ తెరవండి. త్వరలో తెరవబోయేవి కూడా అక్కడే ఉంటాయి. అక్కడ లేదంటే దాదాపు తేలిపోయినట్టే. తర్వాత ఫొటోలో షాపు నంబరు, వీధి పేరు కనిపిస్తే న్యూయార్క్ భవనాల శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఆ అడ్రసు కొట్టండి. కొత్త రెస్టారెంటుకి వంటగది పొగగొట్టం, గ్యాసు లైను, ప్లంబింగు మార్చాలి. వాటికి పర్మిట్లు ఉంటాయి, దరఖాస్తు ఎవరిదో కనిపిస్తుంది. పర్మిట్ కాగితం లేకుండా పోస్టరు మాత్రమే ఉందంటే అది ఖాళీ షాపు అద్దం, అంతే. ఫొటోలో ప్లైవుడ్ కంచె ఉంటే ఇంకా తేలిక. అక్కడ పని జరిగే చోట కంచెకి ప్రాజెక్టు వివరాల బోర్డు తగిలించాలి: కట్టేవాళ్ళ పేరు, ఎప్పటికి పూర్తవుతుందో, ఫిర్యాదు నంబరు. ఆ కంచె మీద ప్రకటనలు అంటించడం నిషిద్ధం. కాబట్టి కంచె మీద నిగనిగలాడే రంగుల పోస్టరు ఉండి వివరాల బోర్డు లేకపోతే, అంటించినవాడు అర్ధరాత్రి వచ్చి వెళ్ళాడని అర్థం.

ఫొటోని రివర్స్ ఇమేజ్ సెర్చిలో (ఫొటోతోనే ఫొటోని వెతికే పద్ధతి) వేస్తే పాత ఏప్రిల్ 1 నాటిది బయటపడే అవకాశం ఎక్కువ. ఇలాంటివి ప్రతి ఏడాదీ తిరిగొస్తాయి. ఫొటో ఫైలులో తేదీ, కెమెరా వివరాలు వెతకడం మాత్రం దండగ. మామూలుగా పంపిన ఫొటోల నుంచి వాట్సాప్ వాటిని తీసేస్తుంది.

"లేదండీ, మా వాడు నిజం బర్గర్ కూడా చూశాడు" అనేవాళ్ళు ఉంటారు. దీనికి 2019 జులైలో న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో జరిగినది గుర్తుపెట్టుకోండి. జమైకా ప్రాంతంలో వీధి పక్కన, కాగితం చుట్టిన ఇన్-ఎన్-ఔట్ డబుల్-డబుల్ బర్గర్ (రెండు ప్యాటీలు, రెండు చీజ్ ముక్కలు ఉండేది) ఒకటి, ఎవరూ ముట్టనట్టు, చెక్కుచెదరకుండా కనిపించింది. చూసినతను ఫొటో తీసి పెట్టాడు. దగ్గరలో ఉన్న ఇన్-ఎన్-ఔట్ అంటే టెక్సస్‌లోనే. న్యూయార్క్ పత్రికలు రాశాయి, రహస్య స్టోరు తెరిచారని, ఎవరో మార్కెటింగు ట్రిక్కు చేశారని, కంపెనీయే చేసిందని రకరకాల సిద్ధాంతాలు పుట్టాయి. కొన్ని రోజులకు గుట్టు వీడింది. శాన్‌డియాగోలో బర్గర్లు కొనుక్కుని రాత్రి విమానంలో న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయంలో దిగిన ఒక హైస్కూల్ అమ్మాయి, బస్సు అందుకునే హడావుడిలో ఒకటి జారవిడుచుకుంది. ప్రాంక్ చేయాలని ఎవరూ అనుకోలేదు, అయినా అన్ని ప్రాంకులకంటే బాగా పేలింది. నిజమైన బర్గర్ కనిపిస్తే ఎవరో విమానం ఎక్కారని తేలుతుంది, షాపు తెరిచారని తేలదు. జమైకా స్టేషను జేఎఫ్‌కే విమానాశ్రయం రైలు (ఎయిర్‌ట్రెయిన్) దిగే చోటు కూడాను.

బర్గర్ కాగితం అసలుదో నకిలీదో తేల్చడానికి మాత్రం ఒక చిన్న గుర్తు ఉంది. ఇన్-ఎన్-ఔట్ కాగితాల మీద, కప్పుల మీద బైబిల్ వచనాల సంఖ్యలు చాలా చిన్న అక్షరాల్లో ఉంటాయి. కూల్‌డ్రింకు కప్పు అడుగున యోహాను 3:16. డబుల్-డబుల్ కాగితం మీద నహూము 1:7. కప్పు తిరగేసి, అడుగంచు లోపలి వైపు చూస్తే గానీ కంటికి ఆనదు. రంగు ప్రింటరు మీద కప్పు డిజైను దింపేవాళ్ళు సాధారణంగా దీన్ని మరిచిపోతారు. ఇది కప్పు సంగతి చెబుతుంది, షాపు సంగతి కాదు.

ఇక ఇన్-ఎన్-ఔట్ నిజంగానే ఒక రోజుకి వేరే దేశంలో ప్రత్యక్షమవుతుంది, అది వేరే కథ. సిడ్నీ, లండన్ లాంటి చోట్ల కొన్ని గంటల పాప్-అప్ పెడతారు, సరుకు ఉన్నంతవరకూ చేతికి పట్టీలు కట్టి అమ్ముతారు, ఎత్తేస్తారు. స్టోర్లు లేని దేశాల్లో ట్రేడ్‌మార్క్‌ని వాడుకలో ఉంచుకోవడానికి ఇది పనికొస్తుంది. "లండన్‌లో వచ్చింది" అన్న ఫొటోలు నిజమే కావచ్చు, "ఉంది" అన్నది కాదు.

సరే, రెండో ప్రశ్న. ఎలా చేయాలి.

మంచి ప్రాంక్‌లో నమ్మినవాడికి పోయేది రెండు నిమిషాల నోరూరడం మాత్రమే. ఎవరూ కారు తియ్యకూడదు, డబ్బు కట్టకూడదు, ఉద్యోగానికి అప్లై చేయకూడదు, ఏదీ తినకూడదు. ఈ నాలుగూ దాటనంతవరకూ మీ ఇష్టం.

జనం కారు తియ్యకుండా ఉండాలంటే అడ్రసు దగ్గర జాగ్రత్త. నిజంగా ఉన్న షాపు అడ్రసు వేయకండి. అక్కడున్న పాపం పిజ్జా కొట్టువాడు రోజంతా "ఇక్కడ బర్గర్ కదా" అన్నవాళ్ళకి జవాబు చెప్పుకుంటూ కూర్చోవాలి. 2024 అక్టోబరు 31న డబ్లిన్‌లో జరిగింది చూడండి: ఒక వెబ్‌సైటులో లేని హాలోవీన్ పరేడ్‌ని ఉన్నట్టు రాస్తే వేలమంది ఓకానెల్ వీధికి వచ్చి నిలబడ్డారు, పోలీసులు ఇళ్ళకు వెళ్ళమని చెప్పాల్సి వచ్చింది. పెట్టినవాళ్ళు అది పొరపాటే, ప్రాంక్ కాదన్నారు. జనం గుమిగూడటానికి ఉద్దేశంతో పనిలేదు, తేదీ, చోటు ఉంటే చాలు. కాబట్టి లేని చోటు వేయండి. మాన్‌హట్టన్‌లో అయితే "5వ అవెన్యూ, 7వ అవెన్యూ కలిసే మూల" అని పెట్టండి. రెండూ ఉత్తర దక్షిణాలుగా సమాంతరంగా సాగుతాయి, ఎక్కడా కలవవు. ఊరు తెలిసినవాడు వెంటనే నవ్వేస్తాడు, తెలియనివాడు మ్యాపులో కొట్టినా ఎక్కడికీ వెళ్ళలేడు.

ఇలాంటి ఆధారాలు, అంటే పట్టుకోగలిగేవాడికి దొరికే పొరపాట్లు, మూడు మెట్లుగా పెట్టుకుంటే రుచి. మొదటి మెట్టు బ్రాండు బాగా తెలిసినవాళ్ళకి: మెనూలో చికెన్ బర్గర్, బేకన్ చేర్చండి. ఇన్-ఎన్-ఔట్‌లో చికెన్ లేదు, బేకన్ లేదు. వాళ్ళ స్టోర్ల ముందుండే తాటిచెట్లు రెండూ ఒకదానికొకటి అడ్డంగా వాలి ఉంటాయి. మీ బొమ్మలో నిటారుగా పక్కపక్కన నిలబెట్టండి. రెండో మెట్టు కాస్త తెలిసినవాళ్ళకి: ప్రారంభం ఈస్టర్ ఆదివారం అని వేయండి. ఈస్టర్, థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ రోజుల్లో వాళ్ళు స్టోర్లు మూసేస్తారు, అది అందరికీ తెలిసిన విషయం కాదు. మూడోది అందరికీ: అడుగున "గోంగూర స్ప్రెడ్ అదనంగా ఒక డాలరు". ఇది చదివాక కూడా నమ్మినవాడిని ఎవరూ కాపాడలేరు.

కంపెనీలు స్వయంగా చేసినవాటిలోనూ ఇదే పద్ధతి. 1998 ఏప్రిల్ 1న బర్గర్ కింగ్ "ఎడమచేతివాటం వాపర్" అని యూఎస్ఏ టుడేలో పూర్తి పేజీ ప్రకటన ఇచ్చింది. వాపర్ అంటే వాళ్ళ పేరున్న బర్గర్. సరుకంతా అదే, లోపల వేసే సాసులు, కూరగాయ ముక్కల్లాంటివి 180 డిగ్రీలు తిప్పారట. చదువుతూ ఒక్క క్షణం ఆలోచిస్తే గుండ్రటి బర్గర్‌ని తిప్పడమేమిటని తెలిసిపోతుంది. చాలామంది ఆలోచించలేదు. కౌంటర్లలో అదే కావాలని అడిగినవాళ్ళు, "నాకు కుడిచేతిదే ఇవ్వండి" అన్నవాళ్ళు కూడా ఉన్నారని మర్నాడు కంపెనీయే చెప్పింది. నమ్మినవాడికి చేతిలోకి అదే బర్గర్ వచ్చింది, నష్టం సున్నా. దీనికంటే శుభ్రమైన ప్రాంక్ ఇంకోటి దొరకదు.

బొమ్మ తయారీలో ఎక్కువమంది దెబ్బతినేది అక్షరాల సైజు దగ్గర. పోస్టరు అడుగున "ఇది ఏప్రిల్ ఫూల్" అని చిన్నగా రాసి, చెప్పేశాం కదా అనుకుంటారు. వాట్సాప్ మామూలు నాణ్యతలో పంపితే ఫొటో పొడవు వైపు 1,600 పిక్సెళ్ళ దగ్గరికి కుదించేస్తుంది. 4,000 పిక్సెళ్ళ బొమ్మలో 40 పిక్సెళ్ళ అక్షరం 16కి దిగుతుంది, తెలుగు ఒత్తులు, గుడులు అలికేసినట్టవుతాయి. మీ ఒప్పుకోలు మాయమై అబద్ధం మాత్రం మిగులుతుంది. అందుకని మొదటే 1,600 పిక్సెళ్ళ బొమ్మగా చేసి, ఏ అక్షరం ఎత్తూ 40 పిక్సెళ్ళకు తగ్గకుండా చూడండి. పోస్టు చేసేముందు మీ ఫోనులోనే మీకు మీరు పంపుకుని, జూమ్ చేయకుండా చదవగలుగుతున్నారో లేదో చూసుకోండి. తేదీ, "ఏప్రిల్ 1" అన్నది బొమ్మ లోపలే, కత్తిరించడానికి వీల్లేకుండా మధ్యలో ఉండాలి. మూలన పెడితే ఎవరో ఒకరు కత్తిరించి పంపుతారు.

పంపే పద్ధతి ఇంకా ముఖ్యం. ఫొటోని "ఒక్కసారే చూసేలా" పంపండి. బొమ్మ పక్కన 1 అంకె ఉన్న గుర్తు నొక్కితే చాలు. అలా పంపినది ఫార్వర్డు కాదు, సేవ్ కాదు, స్క్రీన్‌షాటు కూడా రాదు. ఇంకో ఫోనుతో ఫొటో తీయొచ్చు, కానీ అంత శ్రమ తీసుకునేవాళ్ళు తక్కువ. మామూలుగా పంపేసి "తర్వాత అందరికీ డిలీట్ చేస్తాలే" అనుకోవద్దు. మీ గ్రూపులో పోతుంది, అప్పటికే ఫార్వర్డైన కాపీలు ఎక్కడివక్కడే ఉంటాయి.

టైము. న్యూజెర్సీలో ఏప్రిల్ 1 ఉదయం 8 గంటలంటే హైదరాబాదులో సాయంత్రం 5:30. మీ గ్రూపు నుంచి అక్కడి బంధువులకు చేరి, వాళ్ళు రాత్రి చూసుకుని, మర్నాడు ఇంకో గ్రూపులో వేసేసరికి ఏప్రిల్ 2 అవుతుంది. తేదీ పోయిన ప్రాంకు వార్త అయిపోతుంది. అందుకే ఉదయాన్నే వేసి, మధ్యాహ్నం 12 లోపు బయటపెట్టేయాలి. ఇంగ్లండులో ఏప్రిల్ ఫూల్ ఆట మధ్యాహ్నంతో ముగుస్తుందన్న పాత ఆచారం కూడా ఉంది. బయటపెట్టే మెసేజి మొదటి మెసేజికి రిప్లైగా ఉండాలి, విడిగా ఉంటే రెండు వందల గుడ్‌మార్నింగుల కింద పూడిపోతుంది. గ్రూపు అడ్మిన్‌కి ముందే చెప్పి ఉంచండి, ఆయనే నమ్మి ఇంకో నాలుగు గ్రూపుల్లో వేస్తే మీ చేతిలో ఏమీ ఉండదు.

బొమ్మలో లింకు, క్యూఆర్ కోడు, ఫారం, ఫోన్ నంబరు ఏవీ వద్దు. "మొదటి 100 మందికి ఉచితం, పేరు నమోదు చేసుకోండి" అన్న మాట సరదాకైనా రాయకండి. ఉద్యోగాల ఊసు అసలే వద్దు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్న పిల్లలు పార్ట్‌టైం కోసం ఎంత వెతుక్కుంటారో గ్రూపులో అందరికీ తెలుసు. అనుమతి లేని ఉద్యోగం వాళ్ళ స్టేటస్‌కే చేటు, దాని మీద ఆశ పెట్టి నవ్వుకోవడంలో సరదా ఏమీ లేదు.

వీధిలో పోస్టరు అంటించాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. న్యూయార్క్‌లో దీపస్తంభాలకు, నగరపు ఆస్తులకు కాగితాలు అంటిస్తే ఒక్కో దానికి జరిమానా. ప్రైవేటు షాపు అద్దానికి అంటిస్తే అది ఇంకొకరి ఆస్తి. వీసా మీద ఉన్నవాళ్ళకి చిన్న కేసులో అరెస్టయినా వీసా రద్దు దాకా పోవచ్చు. పోస్టరు కోసం అంత పణం పెట్టడం తెలివితక్కువ.

కంపెనీ సంగతీ తెలుసుకోండి, వీళ్ళు కోర్టుకెళ్ళడానికి వెనకాడే రకం కాదు. 2017 చివర్లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఒకతను తానే కొత్త సీఈఓనని చెప్పి రెండు స్టోర్లలో జొరబడి వీడియో తీశాడు. 2018లో దావా వేశారు. 2025 ఈస్టర్ రోజున మూసి ఉన్న స్టోరు డ్రైవ్-త్రూలో ఉద్యోగిలా నటించి, వచ్చినవాళ్ళకి తప్పుడు మాటలు చెప్పిన యూట్యూబర్ మీదా వేశారు. సిడ్నీలో "డౌన్-ఎన్-ఔట్" అని పేరు పెట్టుకున్న బర్గర్ కొట్టువాళ్ళు 2020లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టులో ఓడిపోయారు. అయితే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక బ్రూవరీ తన బీరుకి వాళ్ళ పేరును పోలిన పేరు పెట్టినప్పుడు మాత్రం బీరు శ్లేషలతో నింపిన నోటీసు పంపి నవ్వించారు. ఈ కేసుల్లో కనిపించేది ఇది: వాళ్ళ ఆవరణలోకి వెళ్ళడం, ఉద్యోగిలా నటించడం, వాళ్ళ పేరుతో డబ్బు సంపాదించడం. మీ గ్రూపు జోకు ఈ మూడింటికీ దూరంగా ఉంటుంది. అదే బొమ్మని మీ యూట్యూబ్ ఛానెల్ థంబ్‌నెయిల్‌గా వేసి ప్రకటనల డబ్బు తీసుకుంటే మాత్రం దూరం తగ్గిపోతుంది. అందుకే అసలు లోగో కాపీ కొట్టకుండా చేత్తో గీసిన బాణం, చెట్లు వాడండి. నవ్వు కూడా ఎక్కువ వస్తుంది.

కొందరు క్వీన్స్ కథ చూసి నిజం బర్గర్లు తెప్పించి చూపిద్దామనుకుంటారు. తెప్పించడం కష్టమేం కాదు. ఘనాహారం చేతి సామానులో అనుమతిస్తారు. సాస్ విడిగా తెస్తే 100 మిల్లీలీటర్ల నియమం దానికీ వర్తిస్తుంది. ఐసు ప్యాకులు పెడితే తనిఖీ దగ్గర గట్టిగా గడ్డకట్టి ఉండాలి, కరిగి జావలా ఉంటే పారేయమంటారు. కానీ వండిన మాంసం మామూలు వేడిలో రెండు గంటలకు మించి ఉంటే తినకూడదన్నది అమెరికా వ్యవసాయ శాఖ సూచన, 90 ఫారెన్‌హీట్ దాటిన ఎండలో ఒక గంటే. పశ్చిమ తీరం నుంచి విమానమే ఐదు గంటలు. చల్లగా తేకపోతే అది ఫొటోకి మాత్రమే, నోటికి కాదు. అన్నిటికంటే ముఖ్యం: ఇన్-ఎన్-ఔట్‌లో బర్గరంటే బీఫే. మన గ్రూపులో తిననివాళ్ళు సగానికి పైగా ఉంటారు, కొందరు మాట తేడా వచ్చినా ఊరుకోరు. "వెజ్ బర్గర్" అని చెప్పి చేతికివ్వడం ప్రాంక్ కాదు, ద్రోహం. నిజమైన స్టోరుకెళ్ళినా శాకాహారులకు దొరికేది గ్రిల్డ్ చీజ్, ఫ్రైస్, షేకులే. ఫ్రైస్ సన్‌ఫ్లవర్ నూనెలో వేయిస్తారు.

చివరగా, బొమ్మ ఎలాగోలా హైదరాబాదు, విజయవాడ గ్రూపుల్లోకి వెళ్ళిపోతే చేయాల్సిన పని. అక్కడ దాని రంగు మారుతుంది. "అమెరికా బర్గర్ కంపెనీ వస్తోంది" అన్న మాట వెనకాలే "ఫ్రాంచైజీ కావాలా" అని అడిగే మోసగాడు ఉంటాడు. పేరున్న ఫుడ్ బ్రాండ్ల ఫ్రాంచైజీ ఇప్పిస్తామని నకిలీ వెబ్‌సైట్లు పెట్టి రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్ వసూలు చేయడం మన దగ్గర పాత దందాయే. దాని పక్కన మీ జోకు నిలబడకూడదు. అదే గ్రూపుల్లోకి ఒక వాక్యం పంపండి: ఇన్-ఎన్-ఔట్ ఫ్రాంచైజీలు ఇవ్వదు, ఎవరైనా ఇస్తామంటే దొంగ. మిగతా బ్రాండ్ల సంగతి అడిగితే, దక్షిణ భారతంలో మెక్‌డొనాల్డ్స్ నడిపేది వెస్ట్‌లైఫ్ ఫుడ్‌వరల్డ్, దేశంలో బర్గర్ కింగ్ రెస్టారెంట్ బ్రాండ్స్ ఏషియా, కేఎఫ్‌సీ దేవయాని, సఫైర్ సంస్థల చేతిలో ఉన్నాయని చెప్పండి. అన్నీ స్టాక్ ఎక్స్ఛేంజిలో లిస్టైన కంపెనీలే, వాట్సాప్‌లో ఫీజు అడగవు. ఎవరైనా అప్పటికే డబ్బు పంపేసి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోను చేయించండి. లావాదేవీ నంబరు, పంపిన ఖాతా, టైము చేతిలో పెట్టుకుని మాట్లాడాలి. అవతలి ఖాతా నుంచి డబ్బు ఇంకో ఖాతాకి మళ్ళకముందే ఆపగలిగితేనే తిరిగొచ్చే అవకాశం.